మా ఇంటి ఓనరు భీమవరంలో ఉంటాడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, మేడ మీద వాటా అద్దెకిచ్చి చూడు అనడం మర్చిపోయారు. ఆ మర్చిపోయిన ముక్క నన్ను నా ఇంట్లోంచే గెంటినంత పని చేసింది. అదెలాగో చెప్తాను, నవ్వడం మానడం మీ ఇష్టం.

రాజమండ్రిలో మా నాన్న కట్టిన మేడ మాది. కింద నేనూ మా ఆవిడ సుజాతా, పైన అద్దెకున్నవాళ్ళూ. ఆ కొత్తలో నాకు కాదనడం చేతకాదు. కుళాయి కారుతోందంటే పరిగెత్తేవాణ్ణి, ఫ్యాను కిర్రుమంటోందంటే నిచ్చెనెక్కేవాణ్ణి. మొదటివాళ్ళు ఖాళీ చేసేసరికి, నేను ఓనర్నో వాళ్ళ పనివాణ్ణో నాకే అనుమానం వచ్చేసింది.

అందుకని రెండోసారి సత్తిబాబు అనే అతను భార్య దుర్గతో ఇల్లు చూడ్డానికొచ్చి, "ఓనరు గారు మీరేనాండీ?" అంటే, పుష్కరాల రేవులో కళ్ళు మూసుకుని మునిగినట్టు ఒక అబద్ధం ఆడేశాను.

"అబ్బే, నేనూ అద్దెకేనండి. ఓనరు గారు భీమవరంలో ఉంటారు. రొయ్యల చెరువులున్నాయి. మనిషికి కాస్త కోపం."

సుజాత నావైపొక చూపు చూసి లోపలికెళ్ళిపోయింది.

అద్దె నా చేతికిస్తే ఓనరుకి నేనే పంపేస్తానన్నాను, వాళ్ళు పైన దిగారు. కొన్నాళ్ళు స్వర్గమంటే నమ్మండి. మోటారు పాడైందంటే, ఓనరు ఫోనెత్తడం లేదనేవాణ్ణి. సాయంత్రాలు డాబా మీద కూర్చుని నేనూ సత్తిబాబూ ఆ ఓనర్ని ఉతికి ఆరేసేవాళ్ళం. నిజానికి అతని కన్నా నేనే ఎక్కువ తిట్టేవాణ్ణి. నా వాటాకి సున్నమైనా వేయించలేదని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. దుర్గ జాలిపడి మాకు చేపల పులుసు పంపేది.

వానాకాలం వచ్చింది. పైన వంటగది స్లాబు జల్లెడైంది. మీరు మరీ మెత్తనండి, నేనే అడుగుతాను, నంబరివ్వండి అన్నాడు సత్తిబాబు. భీమవరంలో ఉన్న మా బావమరిది నంబరిచ్చి, కాస్త గట్టిగా మాట్లాడి పెట్టేయమని వాడికి ముందే చెప్పాను.

వాడికి చిన్నప్పట్నుంచీ నాటకాల పిచ్చి. నేను కాస్త అంటే వాడు ఆ వేషంలో జీవించేశాడు. నెలాఖరుకి రెండు వాటాలూ ఖాళీ చేయాలనీ, కిందున్న సన్నాసికి కూడా ఆ మాట చెప్పమనీ అరిచి పెట్టేశాడట. ఆ కబురు చెప్పి సత్తిబాబు నా భుజం తట్టాడు. నిజం నాలిక చివరిదాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే మా గేటు ముందు వ్యాను ఆగింది.

"మీకు వెతుక్కునే ఓపికుండదని ఇద్దరికీ పక్కపక్క వాటాలు చూసేశానండి. ముందు మీ సామాను పంపేద్దాం," అన్నాడు సత్తిబాబు.

నేను నోరు తెరిచేలోపు కూలీలు మా బీరువా ఎత్తేశారు. కాపాడమన్నట్టు సుజాత వైపు చూశాను. ఆవిడ అప్పటికే సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కించనివ్వండి," అంది. "ఆ ఓనరుతో నేను మాత్రం ఇంక వేగలేను."

ఇక చెప్పక తప్పలేదు. అంతా విని సత్తిబాబు కూలీల చేత మా బీరువా కిందికి దింపించాడు. తర్వాత ఎంతో మర్యాదగా, "అయితే ఓనరు గారూ, స్లాబు ఎప్పుడు చేయిస్తారు?" అన్నాడు. మర్నాడే మేస్త్రీని పిలిచాను. వాళ్ళు ఇల్లు మారలేదు.

ఆ రోజే గేటు పట్టుకుని ప్రమాణం చేశాను. గోడ కూలినా, మేడే ఒరిగినా, ఈ ఇంటి ఓనర్ని నేనేనని నోరారా ఒప్పుకుంటాను. మాట తప్పితే నన్ను నేనే ఖాళీ చేయించుకుంటాను.