గలగల డాక్టరు సొంత కారు

ఇంజను చెడితే మెకానిక్కు ఉన్నాడు, రంగు పోతే పెయింటరు ఉన్నాడు. కారంతా బంగారంలా ఉండి, గతుకులో పడ్డప్పుడల్లా ఏదో ఒక మూల టిక్కు టిక్కుమంటూ ప్రాణం తోడేస్తుంటే ఎవరి దగ్గరికి పోతారు? ఆ ఊళ్ళో అయితే గలగల డాక్టరు దగ్గరికే పోవాలి. తలుపు అట్ట వెనక ఊడిన క్లిప్పు, డ్యాష్‌బోర్డులో పడిపోయిన పెన్ను మూత, సీటు కింద దొర్లే గోళీ, ఇవే ఆయన రోగులు. ఆయనకు అసలు పేరు ఒకటి ఉండేది. అది బ్యాంకు వాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆయన పద్ధతి ఇంకెవరికీ లేదు. చప్పుడును చెవితో వినడు, పంటితో వింటాడు. నవ్వకండి, చెప్తున్నాను. పెళ్ళయిన కొత్తలో వంటింట్లోంచి ఎత్తుకుపోయిన చెక్క గరిటె ఒకటుంది. దాని కాడను దవడ పళ్ళ మధ్య గట్టిగా కరిచి పట్టుకుని, గరిటె కొనను తలుపుకో పైకప్పుకో ఆనిస్తాడు. చెవికి అందని చప్పుడు కూడా గరిటె ఎక్కి, పన్ను ఎక్కి, నేరుగా పుర్రెలోకి వచ్చేస్తుందట. నిజమో కాదో గానీ, గరిటె ఎక్కడ ఆగితే అక్కడ విప్పేవాడు, దొంగ అక్కడే దొరికేవాడు. ఇంట్లో కూర కలపడానికి ఇంకో గరిటె కొనుక్కున్నారు లెండి.

ఆయన భార్య ఒకటో తరగతి పిల్లల టీచరమ్మ. పెళ్ళప్పుడు ఆవిడకు ఏం చెప్పి ఒప్పించారో తెలియదు గానీ, సెలవు రోజు వచ్చిందంటే మాత్రం ఎవరిదో కారు స్టీరింగు ముందు కూర్చోవాల్సిందే. ఈయన డిక్కీలో ముడుచుకుని పడుకుని, నోట్లో గరిటెతో 'ఊ' అంటే బండి కదలాలి, 'ఊఊ' అంటే ఆగాలి. ఊళ్ళో ఉన్న గతుకులన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. పాపం, నడుపుతూ నడుపుతూ ఆవిడకు కూనిరాగం తీసే అలవాటు. తీసిందా, డిక్కీలోంచి "ఉష్, మాట్లాడకు, విననీ" అని వచ్చేది. ఆవిడ నోరు మూసుకుని ఆ వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ షెడ్డుకే తిరిగొచ్చేది.

"ఎన్ని కార్లు నడిపానో నాకే లెక్కలేదు. ఒక్కటంటే ఒక్కటి ఎక్కడికీ వెళ్ళలేదు" అనేది ఆవిడ. నవ్వుతూనే అనేది. కానీ ఆ మాట వెనక ఒక సముద్రం ఉంది. పొద్దున బయల్దేరితే భోజనం వేళకు చేరేంత దూరంలో ఉన్న ఆ సముద్రాన్ని, సొంత కారులో, పాట పెట్టుకుని వెళ్ళి చూడాలని ఆవిడ కోరిక.

కారు కొనే రోజు రానే వచ్చింది. అమ్మింది ఎవరనుకున్నారు, టీచరమ్మ తమ్ముడే. షోరూములో పనిచేస్తాడు.

"మామూలు స్పీకర్లు కాదు బావా. ఫ్యాక్టరీలోనే పై రకం సెట్టు బిగించి పంపిస్తున్నారు. తలుపు తలుపుకీ ఉన్నాయి, ముందు అద్దం కింద ఒకటి, డిక్కీలో వూఫరు. ఒకసారి కూర్చుని విను, తర్వాత మాట్లాడు."

"స్పీకర్లు ఎక్కువైతే అదిరే అట్టలు ఎక్కువవుతాయిరా. నా పొట్ట నిండేదే వాటితో" అన్నాడు డాక్టరు. మొన్ననే దవడ పన్ను విరిగి కొత్త తొడుగు వేయించుకున్నాడేమో, మాట కాస్త ముద్దగా వస్తోంది. అన్నేళ్ళు గరిటె కరిస్తే విరగక ఏమవుతుంది? పళ్ళ డాక్టరు తొడుగును తాత్కాలికంగా అతికించి, సరిపడిందో లేదో చూసుకుని మళ్ళీ రమ్మన్నాడు, అప్పటిదాకా గట్టి వస్తువులు కొరకొద్దన్నాడు. ఈయన బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, సాయంత్రానికల్లా గరిటె నోట్లో పెట్టుకున్నాడు.

టీచరమ్మ మాత్రం ఎక్కి కూర్చుని, తనకిష్టమైన పాత పాట పెట్టించుకుంది. పెళ్ళికి ముందు నుంచి వంటింటి రేడియోలో వింటున్న పాట. ఈసారి చరణానికి ముందు పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడింది. డోలు మీద ఉంగరం తగిలిన చిన్న టక్కు వినపడింది. ఆ కింద, ఎక్కడో పునాదిలో కూర్చుని, ఒక మనిషి లావు తీగల గిటారు మీటుతున్నాడు. టీచరమ్మ కళ్ళు ఇంతింతయ్యాయి.

"ఏవండీ, ఈ పాటలో ఇంకో మనిషి ఉన్నాడండీ. ఇన్నాళ్ళూ పాపం కిందెక్కడో వాయిస్తూనే ఉన్నాడు, మన రేడియో ఆయన్ని బయటికి రానిస్తే కదా."

ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ పెట్టమంది, మళ్ళీ నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు. షోరూము వాచ్‌మన్ కూడా అద్దంలోంచి తొంగిచూసి నవ్వాడు. అంత సంబరం చూశాక ఏ మొగుడైనా ఏం చేస్తాడు, కొన్నాడు.

మర్నాడు డాక్టరు కారు తీశాడు. పక్కన టీచరమ్మ. పాట మొదలైంది. గిటారాయన రంగంలోకి దిగాడో లేదో, 'జ్‌ర్‌ర్‌ర్' అని సన్నగా, ఈగ సీసాలో పడ్డట్టు ఒక మోత. డాక్టరు మొహం మాడిపోయింది.

"విన్నావా?"

"ఏది?"

"ఇప్పుడే. ఆగిపోయింది."

నాలుగు అడుగులు పోయాక మళ్ళీ. "అదిగో, విన్నావా?" మళ్ళీ ఆగిపోయింది. దొంగముండది దాగుడుమూతలు ఆడుతోంది. ఈయన ఒంటరిగా నోరు మూసుకుని కూర్చుంటే దర్జాగా మోగుతుంది, ఎవరినైనా పిలిచి చూపించబోతే నక్కుతుంది. టీచరమ్మకు వినపడలేదు. తమ్ముడికి వినపడలేదు. ఎదురింటి ఆయన్ని కూర్చోబెడితే "బ్రహ్మాండంగా ఉందండీ" అని పాట మొత్తం విని దిగాడు. ఊళ్ళో వాళ్ళందరికీ చెవులు పోయాయని డాక్టరు తేల్చేశాడు.

ఆ ఆదివారం సముద్రానికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. గలగల డాక్టరు తన కారులోనే గలగల పెట్టుకుని రోడ్డెక్కితే రేపు షెడ్డుకు ఎవడొస్తాడు? ముందు తలుపుకు గరిటె ఆనించాడు, మోత అక్కడుంది. తలుపు విప్పాడు. పైకప్పుకు ఆనించాడు, అక్కడా ఉంది. పైకప్పు గుడ్డ దించాడు. స్టీరింగుకు ఆనించాడు, అక్కడా ఉంది. చివరికి ఒళ్ళు మండి, పాట పెట్టి ఉన్న కారు పక్కనే ఉన్న ఇనుప గేటుకు ఆనిస్తే, అక్కడ కూడా ఉంది.

"చూశావా, గేటు దాకా పాకింది" అన్నాడు.

కారు లోపలి సరుకంతా ఇంట్లోకి చేరింది. తలుపు అట్టలు సోఫా మీద పడుకున్నాయి. ముందు సీటు హాల్లో దిగింది. టీచరమ్మ ఆ సీట్లోనే కూర్చుని, బెల్టు ఒకటే తక్కువ, పిల్లల పుస్తకాలు దిద్దుకునేది. సముద్రానికని సర్దిన సంచి గుమ్మం పక్కనే ఉండిపోయింది. అందులోని అరటిపళ్ళు మాగిపోతే తీసేసి, కొత్తవి పెట్టి, మళ్ళీ అక్కడే ఉంచేది. పిచ్చి ఆశ అంటే అదే.

ఓ రోజు డాక్టరు గరిటె బల్ల మీద విసిరి, బావమరిదికి ఫోను చేశాడు. "నచ్చకపోతే నెలలోపు వాపసు తీసుకుంటామన్నావుగా. వచ్చి తీసుకుపో. ఆ దిక్కుమాలిన స్పీకర్లు లేని మామూలు బండి ఏదైనా ఉంటే అప్పుడు చూద్దాం."

టీచరమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ అరిచే మనిషి కాదు. పిల్లల మీదే అరవదు.

"నాకు ఆ కారు కావాలండీ. నాకు చాలా ఇష్టంగా ఉంది. పోతే ఏడుపొస్తుంది" అంది.

 ఆయన మొండి ఘటం. "ఆ మోత పెట్టుకుని నేను బతకలేనే. నువ్వు వినడం లేదు కాబట్టి సరిపోయింది" అన్నాడు. రెండు రోజులు కూర్చుని, విప్పినదంతా మళ్ళీ బిగించాడు. 

ఆదివారం పొద్దున తమ్ముడు వచ్చాడు. మొహం వేలాడేసుకుని, స్పేరు తాళాలున్న కవరు అడిగి తీసుకున్నాడు. టీచరమ్మ సంచి భుజానికి తగిలించుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"తీసుకుపోదువుగానిలేరా. ఒక్కసారి పాట విని దిగుతాను."

డాక్టరు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు, తమ్ముడు వెనక. పాట మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఊపిరి వచ్చింది, ఉంగరం వచ్చింది, గిటారాయన వచ్చాడు.

"అదిగో" అన్నాడు డాక్టరు. "విన్నారా? ఛ, ఆగిపోయింది."

టీచరమ్మ కళ్ళు తెరిచింది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది. ఆ చూపు ఒకటో తరగతి పిల్లలకు బాగా తెలుసు. నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ రాస్తూ టీచరు ఒక్కసారిగా ఇటు తిరిగితే, ఎవరో ఒకరు దొరికిపోయినట్టే.

"ఏవండీ, ఈసారి మీరు మాట్లాడకండి. మోత వస్తే వేలెత్తండి, అంతే."

పాట మళ్ళీ పెట్టింది. కాసేపటికి ఆయన వేలు లేచింది.

"ఇప్పుడు నోరు తెరవండి."

నోరు తెరిచాడు. వేలు దిగింది.

"మూయండి."

మూశాడు. వేలు లేచింది.

"అక్కా, ఏం చేస్తున్నావు?" అన్నాడు తమ్ముడు వెనక నుంచి.

"హాజరు తీసుకుంటున్నాను" అంది ఆవిడ. గొంతులో అప్పటికే నవ్వు పొంగుతోంది. "మా క్లాసులో నోరు మూసుకుని కూనిరాగం తీసేవాడు ఏటా ఒకడుంటాడురా. ఎవరది అని అడిగితే, నాకు తెలీదు టీచర్ అని అందరికంటే ముందు వాడే లేచి చెప్తాడు. వాడు నోరు తెరవగానే రాగం ఆగిపోతుంది. తెరవండి నోరు, పెద్దగా."

సంచిలోంచి అరటిపండు తీసి, తొక్క వలిచి, కొత్త తొడుగున్న దవడ వైపు కుక్కింది. "నమలకండి. ఊరికే కరిచి పట్టుకోండి" అని సౌండు పెంచింది.

గిటారాయన వచ్చాడు. ఈగ లేదు, సీసా లేదు. లావు తీగ ఒక్కొక్కటే నిండుగా, మెత్తగా, సీటులోంచి నడుములోకి ఎక్కుతోంది. పాడే ఆవిడ ఊపిరి చెవి పక్కనే ఉన్నట్టుంది. డాక్టరు కదలకుండా విన్నాడు. తలుపులు, పైకప్పు, గేటు, దవడలో వదులుగా అదిరే తన కొత్త పంటి తొడుగు, అన్నీ వరసగా ఆయన మొహంలో కనపడ్డాయి. తర్వాత నవ్వు మొదలైంది. నోట్లో అరటిపండుతో నవ్వేవాడిని మీరు చూశారో లేదో, అది చూసి టీచరమ్మకు పొలమారింది, తమ్ముడు వెనక సీట్లో పడి పొర్లాడు.

"బావా, కారైతే వాపసు తీసుకోగలను. ఆ పన్ను మాత్రం మా షోరూముది కాదు" అన్నాడు వాడు, కళ్ళు తుడుచుకుంటూ. డాక్టరు వాడి చేతిలోంచి తాళాల కవరు లాక్కున్నాడు.

పళ్ళ డాక్టరుకు ఆదివారం సెలవు. అందుకని టీచరమ్మ దవడలో ఇంత దూది పెట్టి, ఆయన్ని పక్క సీట్లోకి జరిపి, తను స్టీరింగు పట్టుకుంది. తమ్ముణ్ణి బస్టాపులో దించేసింది. గరిటె ఇంట్లోనే ఉండిపోయింది. వీధి చివర వచ్చింది. అన్నేళ్ళూ బండి వెనక్కి తిప్పిన చోటు అదే. ఈసారి తిప్పలేదు. ఆవిడ చిన్నపిల్లలా "దాటేశామండీ" అంది. నోట్లో దూదితో ఆయన "ఊ" అన్నాడు. పాత అలవాటు కొద్దీ బండి ఇంకొంచెం ముందుకు దూకింది.

ఊరు దాటాక రోడ్డు సాపుగా ఉంది. పాట నడుస్తోంది. ఆవిడకు తెలియకుండానే గొంతు కలిసింది. ఒక లైను పాడేసి, ఠక్కున ఆగి, ఆయన వైపు చూసింది. ఆయన సౌండు బటన్ మీదికి చెయ్యి చాపాడు. అయిపోయింది, మళ్ళీ ఏదో వినపడింది ఈయనకు, అనుకుంది ఆవిడ.

ఆయన పాట తగ్గించాడు. పాడే ఆవిడా, ఉంగరమూ, గిటారాయనా అందరూ వెనక్కి జరిగేదాకా తగ్గించి, సీటుకు ఆనుకుని, ఇక పాడు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ సీట్లో సర్దుకుని కూర్చుంది. తర్వాత పాడింది. శ్రుతి అక్కడక్కడా తప్పింది, తప్పినచోటల్లా ఆయనకు తెలిసింది, సముద్రం కనపడేదాకా ఒక్కసారి కూడా ఉష్ అనలేదు.