లింగయ్య గేమ్ రూములో కొత్త డబ్బా

ఖాజాగూడలో లింగయ్య ఇంటికి వెళితే ఒంటిమీద కవరు లేని వస్తువు ఒక్కటీ కంటపడదు. ఫ్రిజ్ కొని ఆరేళ్ళయినా దాని తలుపు మీద కంపెనీవాళ్ళు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. రిమోటుకు సంచి, సంచికి రబ్బరు బ్యాండు. స్కూటరు సీటుకు కవరు, ఆ కవరు పాడవకుండా దాని మీద ఇంకో కవరు. కళ్ళు మసకలేస్తున్నాయనీ, సీరియల్లో అత్తెవరో కోడలెవరో పోల్చుకోలేకపోతున్నాననీ భార్య రత్నమ్మ గోల పెడితే, రెండేళ్ళు దవాఖానల చుట్టూ తిప్పి కళ్ళజోడు ఇప్పించాడు. ఆ అద్దం మూలనున్న బుల్లి స్టిక్కరును కూడా పీకనివ్వలేదు మహానుభావుడు.

"కవర్ తీస్తే సామాన్ పాతదైతది" అన్నది ఆయన ఏకైక సిద్ధాంతం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. కానీ ఆయన చిన్నతనమంతా అన్న విడిచిన చొక్కాలతో, మేనమామ తొక్కి వదిలేసిన సైకిలుతో, పక్కింటి పిల్లలు చదివేసిన పుస్తకాలతో గడిచిపోయింది. కొత్త వస్తువు వాసన ఎలా ఉంటుందో నలభై దగ్గరపడ్డాక గానీ తెలియలేదు. తెలిశాక దాన్ని పోనివ్వడం ఆయన వల్ల కాలేదు.

అలాంటి మనిషి చేతికి గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ 2011లో తన గేమ్ రూమును అప్పగించింది. అంతకుముందు అదే బిల్డింగు గేటు దగ్గర ఎండలో నిలబడి కార్లకు సలాం కొట్టేవాడు. ఇప్పుడు ఏసీ గది, గోడంత టీవీ, ఒక క్యారమ్ బోర్డు, టీవీకి తగిలించి ఆడుకునే గేమింగ్ కన్సోల్. దాన్ని ఆయన 'డబ్బా' అంటాడు. ఆయన ఆడడు. ఎవరు ఎలా ఆడతారో మాత్రం వేలికొసల మీద చెప్పేస్తాడు. క్లయింటు చేత తిట్లు తిన్నవాడు కార్ల రేసు పెట్టి అన్ని కార్లనూ గుద్దుకుంటూ పోతాడట. పెళ్ళి కుదిరినవాడు నెమ్మదిగా నడుపుతాడట.

ఆ గదికి ఆయన పెట్టిన కట్టుబాట్లు రెండే. ఒకటి, చేతులు కడుక్కుని రావాలి. నమ్మకం లేకపోతే టీమ్ లీడర్ల వేళ్ళు కూడా వాసన చూసేవాడు. సమోసా వాసన వస్తే వెనక్కి పంపించేవాడు. రెండోది తెలంగాణ ఉద్యమం ముదిరాక పెట్టింది. బందులు, రాస్తారోకోలు, ఆగిపోయిన ఆఫీసు బస్సులు. క్యాంటీన్లో వరంగల్, కరీంనగర్ వాళ్ళు ఒక బల్ల దగ్గర, కడప, గుంటూరు వాళ్ళు ఇంకో బల్ల దగ్గర. మాట పెరిగితే ప్లేట్లు ఎత్తుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అటువంటివాళ్ళు కూడా లింగయ్య గదిలో ఒకే సోఫా మీద కూర్చుని ఆడుకునేవాళ్ళు. "చెప్పులు బయట, లొల్లి బయట" అని తలుపు మీద రాసి అంటించాడు. ఆ కాగితానికీ ప్లాస్టిక్ తొడుగు ఉందని వేరే చెప్పాలా?

ఇంత హాయిగా సాగుతున్న బతుకులోకి 2014 ఫిబ్రవరిలో కొత్త డబ్బా వచ్చిపడింది.

తెప్పించమని అర్జీ పెట్టింది యశ్వంత్. కడప పిల్లవాడు, ప్రోగ్రామరు, రేసుల్లో ఆ ఫ్లోరుకంతా మొనగాడు. పాతదానిలో బొమ్మ బాగాలేదనీ, కార్లు ఎక్కువైతే ఆట ఆగి ఆగి నడుస్తోందనీ రాశాడు. అడ్మిన్ మేనేజర్ పార్థసారథి కొత్తదాన్ని వారం రోజుల ట్రయలుకు తెప్పించి, లింగయ్యను పిలిచాడు.

"చూడు లింగయ్యా, మనకి మీటింగ్ రూములు చాలడం లేదు. పైవాళ్ళ కన్ను నీ గది మీద పడింది. అంత ఖరీదైనది కొంటే ఏం తేడా అని అడుగుతున్నారు. మంగళవారం పరీక్ష పెడదాం. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పకుండా చూపిస్తాను. పదిమందిలో ఎనిమిది మంది గుర్తుపడితే కొత్తది ఉంటుంది, గదీ ఉంటుంది. లేకపోతే గది వాళ్ళకిచ్చేయాలి. నిన్ను జీడిమెట్ల గోడౌన్‌కి వేస్తారు."

"గుర్తువడతరు సార్. జమీన్ ఆస్మాన్ ఫరక్ ఉంటది" అన్నాడు లింగయ్య, ఆ డబ్బాను ఇంకా విప్పి కూడా చూడకుండానే.

బయటికి వచ్చాక లెక్క వేసుకున్నాడు. జీడిమెట్ల అంటే మూడు బస్సులు మారాలి. అది పోనీ అనుకున్నా, అక్కడ ఉండేవి అట్టపెట్టెలూ విరిగిన కుర్చీలూ. తలుపు తీయగానే "లింగన్నా, నా నంబరెప్పుడు?" అని అడిగేవాళ్ళు ఒక్కరుండరు. ఆ పిలుపు లేని రోజును ఆయన ఊహించుకోలేకపోయాడు.

ఇంటికి వెళ్ళి రత్నమ్మతో చెప్పాడు. ఆమె ఆ రాత్రే కుట్టుమిషను ముందు కూర్చుని, పాత డబ్బాకు కుట్టినట్టే కొత్తదానికీ ఎర్ర వెల్వెట్ కవరు కుట్టింది. వైర్లకు చిన్న కంత, అంచుకు బంగారు లేసు. "దిష్టి తగలకుంట గట్టిగ కుట్టిన" అంది.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి గది కిక్కిరిసింది. ఢిల్లీలో అదే రోజు తెలంగాణ బిల్లు లోక్‌సభలో ఉంది. పని ఎటూ సాగడం లేదు గనక జనమంతా ఇక్కడే చేరారు. డబ్బాలు రెండూ బల్ల కింద, వాటి ముందు గుడ్డ తెర, దాని వెనక పార్థసారథి. ఒకే కార్ల రేసు, ఒకే వానరోడ్డు, ముందు ఒక డబ్బాలో, తర్వాత ఇంకో డబ్బాలో. రెండూ పిండిమర మాదిరి రొద పెట్టాయి, మలుపుల దగ్గర ఆగి ఆగి నడిచాయి. పదిమంది చీటీలు రాశారు.

పార్థసారథి చీటీలు విప్పి తల గోక్కున్నాడు. "అయిదుగురు కరెక్టు, అయిదుగురు తప్పు. బొమ్మా బొరుసూ వేసినా ఇంతే వస్తుంది కదండీ."

యశ్వంత్ మొహం మాడిపోయింది. "ఏందన్నా ఇది! ఇంటర్నెట్లో చూస్తే ఇంత తేడా చూపిచ్చాండారు, ఈడ ఏమీ కనపళ్ళేదే?"

ఎవరో బిల్లు ఏమైందో చూద్దామని వార్తలు పెట్టారు. కాసేపటికి సభనుంచి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. "ఇదీ కనపడదు, అదీ కనపడదు" అని విసుక్కుంటూ యశ్వంత్ టీవీ కట్టేశాడు. అందరూ ఫోన్లు చెవికి పెట్టుకుని బయటికి నడిచారు.

లింగయ్య ఒక్కడే మిగిలాడు. మనసు బాగాలేనప్పుడు ఆయన చేసే పని ఒకటే, తుడవడం. పొడిగుడ్డ తీసుకుని టీవీ ముందుకు వెళ్ళాడు. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి నల్లటి తెర మీద పడుతోంది. ఆ వెలుగులో తెరనిండా సన్నటి గీతలు కనిపించాయి, వందలు, వేలు, చలికాలం పొద్దున అద్దం మీద పట్టిన మంచులా తెల్లగా. ఒక్కొక్కటీ తన చేతి తుడుపే. మూడేళ్ళుగా రోజుకు రెండుసార్లు తుడిచిన తుడుపు.

గీతలు పడ్డది తెర కాదు, తెర మీది పొర. టీవీ వచ్చిన రోజు, గాలిబుడగ ఒక్కటి లేకుండా, ఐడీ కార్డు అంచుతో రుద్ది రుద్ది తనే అతికించి ఉంచిన పొర.

సోఫాలో కూలబడ్డాడు. చూసినవాళ్ళ తప్పూ లేదు, డబ్బాల తప్పూ లేదు. అంత అపురూపంగా చూసుకున్నది తనే, అందరి కళ్ళకూ గంతలు కట్టింది తనే. లేచి మూల దగ్గర గోరు పెట్టాడు. గోరు ఆడలేదు. తీస్తే ఇది పాతబడిపోతుంది. తీయకపోతే జీడిమెట్ల. అంతకన్నా కష్టం, పార్థసారథి దగ్గరికి వెళ్ళి నా మూలానే ఇదంతా అని చెప్పడం. వెల్వెట్ కవరు మీద చెయ్యి వేసి చూశాడు. లోపల పెనంలా కాలుతోంది. పాపం, ఊపిరాడక ఆ రొద అన్నమాట.

రెండు నిమిషాల తర్వాత పార్థసారథి గది తలుపు కొట్టాడు.

"సార్, గలతీ నాదే సార్. టీవీ మీద కవర్ ఉంది. మూడేండ్లసంది తియ్యలే. డబ్బాలకు కూడ మా ఇంటామె కుట్టిన కవర్లతోని గాలి ఆడుతలేదు. జర ఇంకోపారి చూడుండ్రి సార్. గప్పుడు కూడ ఫరక్ లేదంటే జీడిమెట్లకు నేనే పోత."

పార్థసారథి ఆయన్ను ఎగాదిగా చూశాడు. కోప్పడబోయి ఆగాడు. కిటికీలోంచి కింద పార్కింగులో నిలబెట్టిన తన కారు కనిపిస్తోంది. కొని రెండేళ్ళయినా సీట్ల మీద ప్లాస్టిక్ తీయలేదు. ఎండాకాలం వీపు అంటుకుపోతోందని ఇంట్లో రోజూ గొడవే.

"సరే పద" అన్నాడు గొంతు సవరించుకుని.

మళ్ళీ పదిమందినీ పిలిచారు. లింగయ్య టీవీ మీది పొర మూల పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని లాగాడు. గదంతా చర్రుమంది. వెల్వెట్ కవర్లు విప్పి మడతపెట్టి, డబ్బాలు చల్లబడేదాకా అందరూ టీ తాగారు. అప్పుడు, ఏదో చెప్పకుండానే, ముందుగా పాతదానిలో రేసు పెట్టారు.

"ఓర్నాయనో" అన్నారెవరో. ఆకాశం నీలంగా ఉంది. రోడ్డు పక్క గడ్డి పచ్చగా ఉంది. మూడేళ్ళుగా బూడిదరంగు అనుకున్న కారు నిజానికి ఊదారంగు.

ఇక్కడే వచ్చింది తంటా. పార్థసారథి గుడ్డ తెర వెనకనుంచి తల బయటికి పెట్టి, "టీవీ పొర తీస్తేనే ఇంత బాగుంటే ఇంక కొత్తదెందుకండీ?" అన్నాడు.

"ఉండండి సార్, ఇరవై కార్ల రేసు పెట్టండి" అన్నాడు యశ్వంత్. పెట్టారు. మొదటి మలుపులో ఇరవై కార్లూ గుంపుగా రాగానే బొమ్మ తడబడి, కుంటి, ఆగింది. తర్వాత రెండోదానిలో పెట్టారు. అదే మలుపు, అవే కార్లు, వెన్నలా జారిపోయాయి. అద్దం మీద వాన చినుకు జారడం కనిపించింది. దూరాన బోర్డు మీది అక్షరాలు చదవడానికి వచ్చాయి. రోడ్డు వారన ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండరాళ్ళు చూసి లింగయ్య టీవీ ముందుకు జరిగాడు. "మా ఖాజాగూడ గుట్ట లెక్కనే ఉంది" అన్నాడు. ఆ మాట తెలియకుండానే పైకి వచ్చేసింది.

నిజం చెప్పాలంటే లెక్క ఇంతే. బొమ్మలో మెరుగు కొంచెం, తడబాటు లేకపోవడం ఎక్కువ. భూమీ ఆకాశమంత తేడా ఏం లేదు గానీ, కళ్ళున్నవాడికి తెలుస్తుంది. పదిమంది చేతా మళ్ళీ చీటీలు రాయించి విప్పారు. తొమ్మిది కరెక్టు, ఒకటి తప్పు. ఆ తప్పు చీటీ చేతిరాత చూస్తే యశ్వంత్‌ది. అర్జీ పెట్టినవాడే తికమకలో తారుమారు చేసి రాశాడు. ఆ రోజు ఆ ఫ్లోర్లో అన్ని ఊళ్ళవాళ్ళూ కలిసి నవ్వింది అప్పుడే.

నవ్వు సద్దుమణగకముందే వీధిలో డప్పులు మోగాయి. లోక్‌సభలో బిల్లు పాసైందట. వరంగల్‌వాళ్ళు కేకలేస్తూ కిందికి పరిగెత్తారు. లింగయ్య ఒళ్ళంతా పులకరించింది. ఆయనా పరిగెత్తేవాడే, సోఫాలో తల వంచుకుని కూర్చున్న యశ్వంత్ కంటపడకపోతే.

"అయితే రేప్పొద్దున్నించి మేం ఈడ ఎవురమన్నా?" అన్నాడు యశ్వంత్.

లింగయ్య పక్కన కూర్చున్నాడు. తన ఆనందం దాచుకోలేదు, అలాగని దాన్ని అతని మొహం మీదికి తోయలేదు. "మాకు ఎన్నేండ్ల ఆశనో ఇది, నాకు మస్తు ఖుషీగున్నది తమ్మీ, అబద్ధం చెప్ప. కని నువ్వు ఫికర్ చెయ్యకు. ఈ రూముల గదే సోఫా, గదే నంబర్. రేపు పదకొండింటికి కొత్త డబ్బా మీద మొదటి ఆట నీదే. చేతులు మాత్రం కడుక్కొని రా."

యశ్వంత్ చేతులు చూసుకుని నవ్వాడు. తర్వాత ఇద్దరూ మెట్లు దిగి, డప్పుల దాకా కలిసే వెళ్ళారు.

సాయంత్రం లింగయ్య మొహానికి గులాలుతో ఇల్లు చేరేసరికి రత్నమ్మ సీరియల్ చూస్తోంది. ఆయన చెప్పులు విడిచి, నేరుగా టీవీ దగ్గరికి వెళ్ళి తెర మీది పొర మూల పట్టుకుని చర్రున లాగాడు.

"ఏంది, పిచ్చిగిట్ల లేసిందా!" అని రత్నమ్మ లేచి నిలబడింది. అంతలో ఆమె చూపు తెర మీద పడింది. అత్త మొహం స్పష్టంగా ఉంది. కోడలి ముక్కుపుడక మెరుస్తోంది. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది, మళ్ళీ తీసి చూసింది. ఎలా చూసినా ఒక్కలాగే ఉంది.

"రెండేండ్లు దవాఖానల పొంటి తిప్పినవ్" అంది నెమ్మదిగా. "నా కండ్లు మంచిగనే ఉన్నయ్ గద."

లింగయ్య చేతిలో ప్లాస్టిక్ పొరను ఉండ చుడుతూ నిలబడ్డాడు. రత్నమ్మ ఆ కళ్ళజోడు అద్దం మీది స్టిక్కరును గోటితో గీకి, తీసి, ఆయన నుదుటి మీద అంటించి, మళ్ళీ సీరియల్ ముందు కూర్చుంది.