సెంటినరీ కాలనీలో చెవుడొచ్చిన రిపీటర్

తెలంగాణ రాష్ట్రం రావడానికి ముందు ఏడాది వానాకాలం. గోదావరి పొంగిన ఒక మధ్యాహ్నం నాలాగే సరదా కోసం హ్యామ్ రేడియో నడిపే సదయ్య అనే మిత్రుడు ఒడ్డున ట్రాక్టరు మీద చిక్కుకుపోయాడు. ఫోన్ తడిసి పనిచేయలేదు. చేతిలోని చిన్న రేడియో సెట్టుతో ఎంత పిలిచినా ఎవరికీ వినిపించలేదు. జాలరుల పడవ అటు రాబట్టి బతికాడు. చిన్న సెట్ల మాటను అందుకొని దూరానికి పంపాల్సిన మా డిజిటల్ రిపీటర్ సెంటినరీ కాలనీ నీళ్ల ట్యాంకు దగ్గర ఉంది. అది పంపుతోంది కానీ వినడం లేదు. రెండు రోజుల్లో మళ్లీ భారీ వానలన్నారు. నాకు ఎత్తులంటే చచ్చేంత భయం. అయినా దాన్ని బిగించినవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి, మర్నాడే సికింద్రాబాద్‌లో పొద్దుటి రైలెక్కాను.

పదిన్నరకు రామగుండంలో దిగి, షేర్ ఆటోకు పది రూపాయలిచ్చి గోదావరిఖని బస్టాండు చేరాను. అక్కడినుంచి మంథని బస్సులో ముప్పావు గంట. దారిలో వాగు నీళ్లెలా ఉన్నాయని అడిగితే, పొద్దున దిగినయ్, సాయంత్రం సంగతి తెల్వదన్నాడు డ్రైవరు. కాలనీలో రాజలింగు కాక ఎదురొచ్చాడు. గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. రిపీటర్ బాగోగులు చూసేది ఆయనే, సదయ్య ఆయన బామ్మర్దే.

పరీక్ష కోసం సదయ్య మళ్లీ ఆ ఒడ్డుకే వెళ్లాడు. డిజిటల్‌లో సిగ్నల్ బలహీనపడితే గరగర కూడా ఉండదు. మాట ముక్కలై ఆగిపోతుంది, అంతే. ట్యాంకు కింది గదిలో ప్రసారం ఆపి చూస్తే రిసీవర్ సదయ్యను బాగానే విన్నది. ప్రసారం మొదలవగానే చెవిటిదైంది. యాంటెన్నా కేబుల్ తీసి, దాని స్థానంలో ప్రసారాన్ని బయటికి పోనీకుండా మింగేసే డమ్మీ లోడు పెట్టి, టెస్ట్ సెట్టుతో సన్నని సిగ్నల్ ఇస్తే ప్రసారం నడుస్తున్నా చక్కగా విన్నది. అంటే గదిలోని పెట్టెల్లో దోషం లేదు. తప్పు పైన, ట్యాంకు మీది యాంటెన్నా దగ్గర ఉంది.

కాకకు గనిలో దెబ్బతిన్న మోకాలు. "నేనెక్కలేను బిడ్డా. నీకు భయమైతే రేపు మంచిర్యాల నుంచి మనిషిని పిలుస్త. కానీ ఆకాశం జూడు" అన్నాడు. ఆకాశం నల్లగా ఉంది. రిపీటర్ ఆపేసి, బెల్టు కట్టుకొని నిచ్చెన ఎక్కాను. సగంలో ఉండగా సైరన్ మోగింది.

కింది నుంచి కాక అరిచాడు: "ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగు, నేనే మరిచిన. కదలకు బిడ్డా, నిచ్చెన గట్టిగ వట్టుకో."

పేలుడు శబ్దం కంటే ముందు నిచ్చెన అదిరింది. తుప్పు పెళ్లలు ముఖం మీద రాలాయి. కళ్లు మూసుకుని ఏడ్చాను. దిగిపోవాలనే అనుకున్నాను, కానీ చేతులు వదిలితే కదా. కాసేపటికి పట్టు సడలింది. వాన రాకముందే పని కావాలని పైకే వెళ్లాను. యాంటెన్నా జాయింటు మీది టేపు చిట్లి, లోపల నీళ్లు, పచ్చటి చిలుము. ప్రసారం వెళ్లినప్పుడల్లా ఆ చెడ్డ జాయింటే రొద పుట్టించి రిసీవర్ చెవి మూసేస్తోంది. కేబుల్ చివర కోసి, కొత్త కనెక్టరు వేసి, టేపు చుడుతుండగా చినుకులు మొదలయ్యాయి.

కిందికి దిగి స్విచ్ వేశాం. "బావా, వినవడుతున్ననా?" అన్న సదయ్య గొంతు ఒక్క ముక్క కూడా తెగకుండా వచ్చింది. కాక మైకు అందుకున్నాడు. మెల్లగా అన్నాడు: "వినవడుతున్నవురా. ఇగ ఆ ఒడ్డు ఇడిసి జల్ది రా."

ఆ రోజుతో నా భయం పోయిందని చెప్పను. రిపీటర్ పలుకుతోంది కాబట్టి వింటోందనుకొని, నెలల తరబడి మాలో ఎవరమూ దూరం నుంచి చిన్న సెట్టుతో పిలిచి చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. మీరు అటువైపు వెళ్లి ఎత్తు ఎక్కే పని పెట్టుకుంటే, ఆ రోజు బ్లాస్టింగ్ ఎన్నింటికో కాలనీలో అడిగి, అది అయ్యాకే నిచ్చెన మీద కాలు పెట్టండి.