మిలిటరీ బండికి చల్లగాలి

మా నాయన మిలిటరీ వేలంలో పాత ట్రక్కు కొన్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అంతవరకూ ఆయన ఇతరుల లారీలకు డ్రైవరు. ఎవరి బండి తాళమో చేతిలో పట్టుకుని తెల్లవారకముందే వెళ్ళేవాడు. ట్రక్కు వచ్చాక తాళం మా ఇంట్లోనే, దేవుడి పటం పక్క మేకుకు వేలాడింది. మామూలు జనం నడిపే బండికి మిలిటరీ పచ్చరంగు ఉండకూడదన్నారని నీలం పూయించాడు. గీసుకుపోయిన చోటల్లా లోపలి పచ్చ తొంగిచూసేది.

బెంగళూరు బొమ్మనహళ్ళి గార్మెంట్ యూనిట్ల నుంచి బట్టల మూటలు ఎక్కించుకుని హోసూరు, కృష్ణగిరి, సేలం వైపు పోవడం ఆయన పని. బండి ఇంటిముందు నిలిచిన రోజుల్లో దాని క్యాబిన్ నాది. చుట్టాలొస్తే నేను మెల్లగా లైబ్రరీ పుస్తకం తీసుకుని అందులోకి ఎక్కేదాన్ని. ఎవరూ పలకరించరు, ఏం చదువుతున్నావని అడగరు. ఖాకీ గుడ్డ కప్పుకున్న ఆ పైకప్పు కింద చదివిన పుస్తకాల పేర్లన్నీ నా డైరీలో ఉన్నాయి.

నిలిచిన బండి అంత హాయి. నడిచే బండి మాత్రం పొయ్యి. ఇంజన్ సగం క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చి, ఇనుప మూత కింద డ్రైవరు మోకాలి పక్కనే ఉంటుంది. వేసవిలో కృష్ణగిరి దాటితే ఆ మూత మీద చెయ్యి పెట్టలేం. నేను బీకాం రెండో ఏడాదిలో ఉండగా ఒక మధ్యాహ్నం నాయనకు స్టీరింగు ముందే కళ్ళు తిరిగాయి. ఎలాగో పక్కకు తీసి ఆపి, సాయంత్రందాకా చెట్టు కింద పడుకుని ఇంటికొచ్చాడు. డాక్టరు బీపీ చూసి, ఇక ఆ వేడిలో కూర్చోవద్దని గట్టిగా చెప్పాడు.

“అమ్మేద్దాం” అంది అమ్మ.

“అమ్మేసి? మళ్ళీ ఇంకొకని లారీ తోలల్లా?”

“తోలండి. మనిషంటూ ఉంటారు కదా.”

ఆ వారమే ఒక బ్రోకరు వచ్చి బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసిపోయాడు. నాయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మా మామను పిలిపించాడు. మామ అమ్మకు తమ్ముడు. హోసూరు రోడ్డు మీద కార్ల ఏసీలు రిపేరు చేసే చిన్న షెడ్డు ఉండేది ఆయనకు.

“ఈ బండికి ఏసీ పెట్టేకి అయితాదా అప్పా?”

మామ నవ్వలేదు. నవ్వడం వీధివాళ్ళ పనైంది. బెంగళూరులో ఇండ్లకే ఫ్యాన్లు అక్కర్లేని కాలం అది. ఎదురింటి ముసలాయన రోజూ గేటు దగ్గర నిలబడి అడిగేవాడు. “ఏమప్పా, మీ ట్యాంకుకు ఇంకా జలుబు చేయలేదా?”

అమ్మ ఒక్క గడువు పెట్టింది. దసరాలోపల క్యాబిన్ చల్లబడాలి. విజయదశమి నాడు తానే కూర్చుని చూస్తుంది. చల్లగా ఉంటే సరి, లేకుంటే ఆపై సోమవారం బ్రోకరు వస్తాడు, తాళం అతనికిచ్చెయ్యాలి. నాయన సరేనన్నాడు. మాటంటే మాటే ఆయనకు. అందుకే మాకు భయం.

పని మొదలైంది. యాక్సిడెంటులో నుజ్జయిన ఒక కారు నుంచి మామ ఏసీ సామానంతా ఊడదీసుకొచ్చాడు. తొలిరోజే గాలి వీచే మోటారు పెద్దగా అరిచి, పొగ వదిలి చచ్చిపోయింది. మిలిటరీ బండికి ఇరవై నాలుగు వోల్టులు, కారు సామానుకు పన్నెండు. “అది నాకు తెలుసు బావా, మర్చిపోతి” అన్నాడు మామ, మసి తుడుచుకుంటూ. ఇంకో మోటారు తెచ్చి, ఈసారి మధ్యలో కరెంటు తగ్గించే పెట్టె ఒకటి బిగించాడు.

తర్వాత కంతలు. ఆ క్యాబిన్‌లో గాలి రాని మూల లేదు. నాయనా నేనూ బస్సులో చిక్కపేట పోయి రబ్బరు బీడింగు, మందమైన ఫెల్టు గుడ్డ తెచ్చాం. అమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలరు. బండి అమ్మాలని ఒకవైపు పోరుతూనే, ఆదివారం మిషను ముందు కూర్చుని, కట్‌పీసుల మధ్య ఫెల్టు పెట్టి పైకప్పుకు బొంత కుట్టిచ్చింది. “కుట్టేది కుట్టిస్తా, చూసేది చూస్తా” అంది. నా పని అగరువత్తి. అద్దాలన్నీ ఎత్తి, వెలిగించిన అగరువత్తి పట్టుకుని అంచుల వెంబడి మెల్లగా తిప్పాలి. పొగ ఎక్కడ వంగితే అక్కడ కంత ఉన్నట్టు. సుద్దముక్కతో గుర్తుపెడితే మామ వచ్చి మూసేవాడు. ఒక్కమాట మాట్లాడే అవసరం లేని ఆ పని నాకు ఎంత నచ్చిందో.

ఆయుధపూజకు రెండు రోజుల ముందు క్యాబిన్ చల్లబడింది. నన్ను లోపల కూర్చోబెట్టి, బయటినుంచి మామ అద్దం మీద కొట్టి అడిగాడు. “పాపా, చలి పుడుతాండాదా?” నేను చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని చూపించాను. నాయన ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

పూజ ఎప్పటికంటే ఘనంగా చేశాం. బండి కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. అమ్మ మార్కెట్టు నుంచి పసుపు సేవంతిపూల దండ తెచ్చింది. పెండ్లికొడుక్కు వేసేంత మందం. మామ దాన్ని బండి ముందర జాలీ నిండా నాలుగు వరసలు చుట్టి, ఊగకుండా తాడుతో బిగించి కట్టాడు. మా ఇంట్లో పూజ దండ తీయరు. అది వాడి, ఎండి, తనంతట తాను రాలిపోవాలి.

మరునాడు, విజయదశమి పొద్దున్నే బయలుదేరాం. నాయన స్టీరింగు ముందు, అమ్మా నేనూ ఈవలి సీటులో, మామ వెనక ఖాళీ బాడీలో. బొమ్మనహళ్ళి దాటేదాకా చల్లగాలి మొహానికి తగులుతూనే ఉంది. అమ్మ కొంగు సర్దుకుని వెనక్కి వాలి కూర్చుంది. నాయన అద్దంలో ఆమెనే చూస్తున్నాడు.

చందాపుర దాటాక గాలి చప్పబడింది. ఇంకాసేపటికి వెచ్చబడింది. అత్తిబెలె వచ్చేసరికి ఇంజన్ మూత మునుపటిలాగే కాలుతోంది, అద్దాలన్నీ మూసి ఉండటంతో మునుపటికంటే ఎక్కువే ఉడుకుతున్నాం. నాయన మెడ మీద చెమట కారుతోంది. అమ్మ కొంగుతో తుడిచింది. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.

“పోనీలే” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. “ఆ బ్రోకర్ని సోమవారం రానీ.”

ఇంజన్ నడుస్తుండగానే మామ దూకి వచ్చి పక్క మూత ఎత్తి బెల్టు చూశాడు, పైపులు తడిమాడు. “అంతా సరిగ్గానే ఉండాది బావా. గ్యాసూ ఉండాది. కంప్రెసరే పట్టుకుంటా లేదు. ఎందుకో అర్థమయితా లేదు.”

టీ అంగడి ముందు నుంచి మగవాళ్ళు గుంపుగా వచ్చి నిలబడ్డారు. వాళ్ళను చూడలేక నేను బండి ముందుకు పోయి, జాలీ వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాను. అప్పుడు చూశాను. సేవంతిపూలు జాలీకి అంటుకుపోయి ఉన్నాయి. లోపలి ఫ్యాను వాటిని పీల్చి, రొట్టెలాగా అణిచేసింది. వెనక వరస ఉడికి గోధుమరంగుకు తిరిగింది. వెనకే ఏసీ తన వేడిని బయటికి వదిలే పెట్టె ఉందని నాకు తెలుసు, మామ బిగిస్తుంటే దగ్గరే ఉన్నాను. దానికి ఊపిరి ఆడటం లేదు. ఆ వేడికే కంప్రెసరు తనంతట తాను ఆగిపోయింది.

అమ్మ దగ్గరికి పోయి చెవిలో చెప్పాను.

అమ్మ వచ్చి చూసింది. మామ కూడా చూసి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. “అయ్యో అక్కా, నేనే బిగించి కడితినే! కోసేస్తా ఉండు.”

“సుమ్మనుండు. పూజ దండ కోస్తారా?” అని అమ్మ ఆపింది.

ఆమె అలా జాలీ ముందు నిలబడిపోయింది. దండ తీయకపోతే బండి పోతుంది. ఆమె కోరుకున్నదీ అదే. నాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. అమ్మ ఆయన వైపు ఒకసారి చూసింది. తర్వాత కళ్ళకద్దుకుని, తన చేతులతో ముడులు విప్పసాగింది. ఒక్క పువ్వు తెగకుండా నాలుగు వరసలూ విప్పింది. విప్పాక పెట్టడానికి చోటు లేదు. నేల మీద పెట్టకూడదు, బాడీలో అంతా మామ బూట్లతో తొక్కాడు. ఆమె డ్రైవరు తలుపు తెరిచి, మెట్టెక్కి, దండను మడిచి నాయన మెడలో వేసేసింది.

“బావకు ఇంకోసారి పెండ్లి!” అని మామ అరిచాడు. గుంపు ఈలలు వేసింది. నాయన సిగ్గుతో, “ఏందే ఇది, రోడ్డు మీద” అన్నాడు గానీ తీయలేదు.

మేమంతా ఇంకా నవ్వుతుండగానే కింద టక్‌మని చప్పుడైంది. మామ చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. “పట్టుకునింది” అన్నాడు మెల్లగా.

మొదట గోరువెచ్చని గాలి, తర్వాత ఉడికిన పూల వాసన, ఆ వెనక చల్లదనం వచ్చాయి. నాయన బండి తిప్పలేదు. కృష్ణగిరి దాకా పోదామన్నాడు. హోసూరు దాటాక ఎండ ముదిరింది, లోపల మాత్రం నేను చున్నీ కప్పుకోవాల్సి వచ్చింది. అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ బండి నడుస్తుండగా అందులో ఎవరైనా నిద్రపోవడం అదే మొదటిసారి. గుంత వచ్చినప్పుడల్లా నాయన, మెడలో దండ ఊగకుండా, నెమ్మదిగా దాటించాడు.

కృష్ణగిరిలో ఇడ్లీ తింటూ నాయన అడగలేక అడిగాడు. “మరి సోమవారం?”

“వాడొస్తే నేను మాట్లాడుకుంటాలే” అంది అమ్మ. “మీరు తినండి. ఆ పూలు సాంబారులో పడుతుండాయి, చూసుకోండి.”