గోడ అవతలి సగం జపం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పుడు ఎనభై దాటాయి, ఇప్పటికీ లేదు. ముప్పై ఏళ్లు చర్చిలో ఉపదేశిగా పనిచేశాను. ఫాదర్ గారు రాని రోజుల్లో జపాలు చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం, పోయేవాళ్ల మంచం పక్కన కూర్చోవడం నా పని. ఎంతోమంది చావు చూశాను. ఒక్కరూ లేచి రాలేదు. దయ్యం పట్టిందని ఎవరినైనా తీసుకొస్తే ముందు కడుపునిండా గంజి పోయమనేవాణ్ని. సగం మందికి అదే సరిపోయేది.

ఇంకో సంగతి. నేను అబద్ధం ఆడేవాణ్ని కాదు. దాని గురించి నాకు గర్వం కూడా ఉండేది. నా భార్య అన్నమ్మ నన్ను 'కచ్చితం పంతులు' అని ఎగతాళి చేసేది. ఈ రెండూ ముందే చెప్పడానికి కారణం ఉంది.

మా ఊరు హాలియా అవతల. ఇప్పుడు కాలువ నీళ్లు పారుతున్నాయి గానీ అప్పట్లో అంతా మెట్ట, తంగేడు, రాళ్లగుట్టలు. పోలీసు యాక్షన్ అయింది, రజాకార్లు పోయారు అని ఊపిరి పీల్చుకునేలోగా మిలిటరీ క్యాంపులు దిగాయి. సంగంవాళ్లు, అంటే కమ్యూనిస్టులు, ఇంకా గుట్టల్లోనే ఉన్నారు. వాళ్లకు అన్నం పెట్టారన్న అనుమానం వస్తే చాలు, మనిషి ఇంటికి తిరిగొచ్చేది నమ్మకం లేదు.

ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద పెట్టించడం మా దగ్గర మామూలే. ఆ ఏడాది జపమాల మాసంలో, అంటే అక్టోబరులో, చర్చి పొలంలో మంద పెట్టినవాడు బీరయ్య. కురుమల అబ్బాయి, పాతికేళ్లుంటాయి. పొద్దుగూకే వేళ మేము లోపల జపమాల చెబుతుంటే బయట ఉత్తరపు గోడకు వీపు ఆనించి, గొంగడి కప్పుకుని కూర్చునేవాడు.

జపమాల ఎట్లా చెబుతారో తెలియనివాళ్ల కోసం చెబుతాను. అందులో పూసపూసకూ చెప్పే మంగళవార్త జపంలో మొదటి సగం నేనొక్కణ్నే అంటాను. రెండో సగం అందరూ కలిసి అందుకుంటారు. పాపాత్ములమైన మా కోసం, ఇప్పుడూ మా చావు గడియలోనూ వేడుకోమని మరియమ్మను అడిగే సగం అది.

ఒకరోజు బీరయ్య ఆ రెండో సగం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నేను ఆశ్చర్యపోతే నవ్వాడు.

"నువ్వొక్కనివి అనేది గోడ అవుతలికి ఇనబడది పంతులూ. అందరు కలిసి అనేదే ఇనబడ్తది. గంతే వచ్చింది నాకు. జర ముందటిది గూడ చెప్పరాదు?"

"గట్ల ముక్కలు ముక్కలు చెప్పరు. ఏడాది ఉపదేశానికి రావాలె" అన్నాను.

"మరి మందను ఎవరు జూస్తరు?" అని నవ్వుకుంటూ పోయాడు. ఆ నాలుగు మాటలు అక్కడికక్కడ చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది? కానీ పద్ధతి పద్ధతే అనుకునే మనిషిని నేను.

ఆ నెల చివర, పొద్దు బారెడెక్కాక జవాన్లు వచ్చారు. దొరికిన మగవాళ్లందరినీ చర్చి ముందు వరుసగా నిలబెట్టారు. మా ఫాదర్ గారు అంతకుముందే క్యాంపుకు వెళ్లి మా క్రైస్తవులకు సంగంతో పొత్తు లేదని మాట ఇచ్చి వచ్చారు. అందుకని అధికారి నన్ను పిలిచి, నీ వాళ్లెవరో చూపించు, వాళ్లను వదిలేస్తాను అన్నాడు. పదకొండు మందిని చూపించాను. వాళ్లు పక్కకు జరిగారు.

పన్నెండోవాడు బీరయ్య. గుట్టల్లోకి పాలు, జొన్న గటక మోసినట్టు అతని మీద చాడీ ఉంది. మోశాడో లేదో నాకు తెలియదు. ఆ రోజుల్లో మొయ్యనిదెవరు?

అధికారి అతని దగ్గర ఆగాడు. బీరయ్య నా వైపు చూసి జపం మొదలుపెట్టాడు. తనకు వచ్చిన ఆ రెండో సగమే. ఒక్క మాట తప్పలేదు. అధికారి నా వైపు తిరిగి, ఇతను మీవాడేనా అని హిందుస్తానీలో అడిగాడు.

నా మెడలో ఉపదేశి సిలువ ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది.

"నహీ" అన్నాను. "మావాడు కాదు."

అబద్ధం దొరికితే ఆ పదకొండు మంది ప్రాణాలూ పోయేవని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో నేను ఆలోచించింది వాళ్ల గురించి కాదు. జ్ఞానస్నానాల పుస్తకంలో బీరయ్య పేరు లేదన్న సంగతి ఒక్కటే నా బుర్రలో ఉంది.

అతన్ని తంగేడు పొదల వెనక్కి తీసుకెళ్లారు. ఒక్క తుపాకి మోతే వినిపించింది. గొర్రెలు చెల్లాచెదురై, మళ్లీ వాటంతట అవే వచ్చి పొలంలో నిలబడ్డాయి.

సాయంత్రం మందను తోలుకుపోవడానికి అతని తండ్రి వచ్చాడు. నన్ను తిట్టలేదు.

"నిజమే చెప్పినవంట గద పంతులూ" అన్నాడు. అంతే.

నెలకోసారి సైకిల్ మీద నల్గొండ నుంచి వచ్చే ఫాదర్ గారి దగ్గర జరిగింది చెప్పుకుని పాపసంకీర్తనం చేశాను. ఆయన చాలాసేపు విని, అబద్ధమాడమని దేవుడు చెప్పలేదు, ఇందులో నీ పాపమేమీ లేదు, మనసు రాయి చేసుకో అన్నారు. పాపం చేశావని ఉంటే క్షమించేవారు. చెయ్యలేదన్నారు కాబట్టి క్షమాపణ కూడా లేకుండా పోయింది. ఆ బరువు ఎక్కడ దించాలో తెలియలేదు.

జనం గుంపుగా చేరడానికి భయపడి చర్చికి రావడం మానేశారు. ఒకరోజు పొద్దుగూకే వేళ నేనొక్కణ్నే కూర్చుని మంగళవార్త జపం మొదటి సగం చెప్పి, అలవాటు కొద్దీ ఆగాను.

ఉత్తరపు గోడ అవతల నుంచి రెండో సగం వచ్చింది.

ఒక్క గొంతు. మగ గొంతు. నేను లేచి చుట్టూ తిరిగి చూశాను. ఆ పొద్దున వాన పడి నేల మెత్తగా ఉంది. నా అడుగులు తప్ప అడుగు లేదు. మర్నాడూ అట్లాగే జరిగింది, మూడో రోజూ జరిగింది. నాలుగో రోజు నుంచి నేను జపం మానేశాను. ఉపదేశినై ఉండి జపం మానేశానని ఎవరికీ చెప్పలేదు. బీరయ్య పగ తీర్చుకోవడానికి వచ్చాడనే అనుకున్నాను. నా లెక్కన అది న్యాయమే.

తర్వాతి వానకాలం నాకు విషజ్వరం వచ్చింది. పద్దెనిమిదో రోజుకు మాట పడిపోయింది. దవాఖానకు తీసుకుపోదామంటే వాగు పొంగింది, ఫాదర్ గారూ రాలేరు. మిట్టమధ్యాహ్నం అన్నమ్మ నా పక్కన మోకరించి, ఇక ఆశ లేదనుకుని, మంగళవార్త జపం మొదలుపెట్టింది. మొదటి సగం చెప్పి, నేను అందుకుంటానేమోనని నా నోటివైపు చూసింది. నా నాలుక కదల్లేదు.

కిటికీ బయట నుంచి జవాబు వచ్చింది.

చావు భయమంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. పిలవడానికి వచ్చాడనుకున్నాను. కానీ ఆ మాటలు నన్ను పిలవలేదు. 'మా మరణ సమయమందును' అని నా కోసమే అడుగుతున్నాయి. అన్నమ్మ పదిసార్లు చెప్పింది. పదిసార్లూ ఆ గొంతు అందుకుంది. పొరుగువాళ్లెవరో అనుకుని తను లేచి బయటికి వెళ్లి చూసి వచ్చింది.

"ఎవ్వరు లేరు. తడిసిన గొంగడి వాసన మాత్రం వస్తాంది" అంది.

బీరయ్య గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. గోడ దగ్గరి సంగతి నేను ఆమెకు చెప్పనూ లేదు. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే, గొంతు వచ్చిందని ఆమె సంతోషపడింది.

వాగు తగ్గాక వచ్చిన ఫాదర్ గారికి అంతా చెప్పాను. జ్వరం భ్రమ అంటారనుకున్నాను. "ఆ బీరయ్యే నీ కోసం అడుగుతుంటే మధ్యలో నేనెవర్ని?" అని ఆయన నా తల మీద చెయ్యి పెట్టి పాపక్షమాపణ చెప్పారు. ఏ పాపమని అడగలేదు.

ఆ తర్వాత ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. భ్రమైతే అన్నమ్మకు ఎట్లా వినిపించింది? దయ్యమైతే చంపినవాడి కోసం ఎందుకు వేడుకుంటుంది?

ఇప్పటికీ రోజూ మొదటి సగాన్ని గోడ అవతలికి వినపడేలా గట్టిగా చెబుతాను. బతికుండగా అతనికి నేర్పనిది అదే. చెప్పి కాసేపు ఆగుతాను. మావాడు కాదని ఆ రోజు నేనన్నాను. అతను మాత్రం నన్ను కూడా కలుపుకుని 'మా కోసం' అన్నాడు. మా ఇద్దరిలో నిజం చెప్పింది ఎవరో, కచ్చితం పంతులుకు ఇంతవరకూ తేలలేదు.