పచ్చసొన చెదరకుండా

యాభై ఏడేళ్లు వచ్చేదాకా జయరాములు కోడిగుడ్డును చేత్తో తాకలేదు. అతను వేలూరు దగ్గర గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంట్లో పుట్టాడు. ఆ ఇంటి గడప దాటి గుడ్డు గానీ మాంసం గానీ ఏనాడూ లోపలికి రాలేదు. విరించిపురం మేస్త్రీల ఇంటి పిల్ల తంగమ్మను అతను ఇష్టపడి చేసుకున్నప్పుడు ఆమె ముందే ఒక మాట అనేసింది. "మీ ఇంట్లో గుడ్డు వండను. బయట వండితే నువ్వు అడ్డం రాకూడదు." సరేనన్నాడు.

అలా బస్టాండు వెనక సందులో తంగమ్మ దోసెల బండి మొదలైంది. ఇరవై ఏళ్లుగా సాయంత్రం నాలుగింటికి ఆ పెనం వేడెక్కుతోంది. చెరో చేతిలో ఒక గుడ్డు పట్టుకుని, పెనం అంచుకు రెండూ ఒకేసారి టక్కుమని కొట్టి, బొటనవేళ్లతో విప్పేసేది తంగమ్మ. పెంకులు బకెట్లో పడేలోగా పచ్చసొనలు రెండూ పెనం మీద గుండ్రంగా కూర్చునేవి. జయరాములు మగ్గం దిగి వచ్చి, నీళ్ల బిందె బండి దగ్గర దించి, ముక్కు పక్కకు తిప్పుకుని వెళ్లిపోయేవాడు.

పోయిన ఏడాది ఆడి నెలలో, ఆషాఢపు వాన రోజు ఒకటి, తంగమ్మ పెరట్లో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. వేలూరు ఆసుపత్రిలో మోచేతిదాకా సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు ఉంచాలన్నారు.

బండి మీద గోనెపట్టా కప్పేశారు. రోజూ తినేవాళ్లు ఇంటికే వచ్చి పలకరించి పోతున్నారు. పది రోజులకు తంగమ్మ మాట్లాడటం తగ్గించేసింది.

"నొప్పిగా ఉండాదా తంగం?" అని అడిగాడు జయరాములు.

"చెయ్యి పరవాలేదు మామా. ఊరికే కూచోవడమే నా వల్ల కాలేదు. ఆ పెనం చప్పుడు వినకుంటే పొద్దే పోలేదు."

ఆ రోజంతా మగ్గం మీద అతనికి పని సాగలేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి, "నువ్వు పక్కన కూచోని చెప్పు. దోసెలు నేను పోస్తాను, గుడ్లూ నేనే కొడతాను" అన్నాడు.

తంగమ్మ నోరు తెరుచుకుని చూసింది. "నువ్వా? వాసనకే వీధి చివరికి పోతావే!"

"మూతికి తువ్వాలు కట్టుకుంటాలే."

మొదటి గుడ్డును పెనం అంచుకు బలంగా కొట్టాడు. అది పంచె మీదికి జారింది. ఆ భయంతో రెండోదాన్ని ఐదుసార్లు మెల్లగా తట్టాడు. పెంకు నుజ్జయి లోపలికే పోయింది. మూడోది పెనం మీద పడింది గానీ, వాసన తువ్వాలు దాటి లోపలికి దూరింది. అట్లకాడ అక్కడే పారేసి కాలువ దగ్గరికి పరిగెత్తాడు. తంగమ్మ స్టూలు మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "అయ్యో, నవ్వించొద్దు మామా, చెయ్యి నొస్తా ఉండాది!"

ఆ సాయంత్రం ఎవరేం అడిగినా ఆమ్లెట్టే వచ్చింది. పగలని పచ్చసొన ఒక్కటీ లేదు మరి. సొన చెదరకుండా వేసే ఆఫ్‌బాయిల్ అడిగినవాళ్లకు "రేపు రండప్పా" అని చెప్పి పంపింది తంగమ్మ.

మరుసటి రోజు ఆమె అన్న పాపన్ పని దిగి, చేతులకు సిమెంటు ఉండగానే వచ్చాడు. "బావా, ఇటుక పగలగొట్టేదానికి ఎవురైనా ఆలోచన చేస్తారా? తాపీతో ఒకే దెబ్బ!" అని, చేతులు కడుక్కుని, అట్లకాడ అంచుతో గుడ్డు నడుమ ఒక్కటి వేశాడు. సరిగ్గా రెండు చిప్పలైంది. జయరాములు కూడా అలాగే చేశాడు. అతనికీ రెండు చిప్పలే అయ్యాయి. కానీ ఆ గుడ్డు దోసె తిన్న ఒక బస్సు కండక్టరు నోట్లోంచి మూడు పెంకు ముక్కలు తీసి ప్లేటు అంచున వరసగా పెట్టాడు.

ఆ వారంలోనే కట్టు చూపించుకోవడానికి వేలూరు వెళ్లారు. అక్కడ వేళ్లకు వ్యాయామం నేర్పే ఎవాంజలిన్ అనే అమ్మాయి ఈ కథంతా విని నవ్వింది. తమిళంలో, "అంచుకు కొడితే పెంకు లోపలికి గుచ్చుకుంటుందప్పా. బల్ల మీద, సమంగా ఉన్నచోట, ఒక్కసారే తట్టండి" అంది. బల్ల మీద పిడికిలితో తట్టి చూపించింది కూడా.

ఆ రోజు బండి దగ్గర జయరాములు ఒక చెక్కపలక పెట్టుకున్నాడు. దాని మీద గుడ్డును ఒక్కసారి తట్టాడు. సన్నని గీత పడింది. వందల పోగుల్లో తెగినదాన్ని కళ్లు మూసుకుని వెతికి పట్టుకునే వేళ్లు అవి. ఆ గీత ఎక్కడ మొదలైందో గోరుకు తెలిసిపోయింది. తొందరపడకుండా చిన్న స్టీలు గిన్నెలోకి విప్పి, గిన్నెను పెనానికి ఆనించి వంచాడు. పచ్చసొన చెక్కుచెదరకుండా జారి నిలబడింది.

"మామా!" అని తంగమ్మ స్టూలు మీంచి లేచేసింది. "ఎవురప్పా ఆఫ్‌బాయిల్ అడిగింది? రండి, రండి!"

తంగమ్మ నాలుగు కొట్టే వ్యవధిలో అతను ఒకటి కొడతాడు. మధ్యలో ఆ గిన్నె ఎందుకని కొందరు విసుక్కున్నారు. అయితే ఒక సాయంత్రం గిన్నెలో పడిన గుడ్డు మురిగిపోయి ఉంది. జయరాములు గిన్నెను పక్కన బోర్లించి కడిగి, ఇంకొకటి తీసుకున్నాడు. నేరుగా పెనం మీద పడి ఉంటే అప్పుడు కాలుతున్న ఆరు దోసెలూ చెత్తకే. ఆ తర్వాత గిన్నె సంగతి ఎవరూ ఎత్తలేదు.

అతను భయపడింది ఒక్కరికే, అక్క రాజాంబాళ్‌కు. ఆలంగాయంలో ఉండే ఆమె తంగమ్మను చూడాలని ఒకరోజు చెప్పకుండా వచ్చింది. ఇంటికి తాళం ఉండటంతో వెతుక్కుంటూ బండి దగ్గరికే వచ్చేసింది. తమ్ముడి చేతిలో అప్పుడు విప్పిన గుడ్డు ఉంది. సొన కారుతోంది.

"రాములూ, ఏం చేస్తా ఉండావు నాయనా?"

జయరాములు గుడ్డును గిన్నెలోకి వదిలేశాడు. "తినలేదక్కా. కొడతా ఉండాను, అంతే."

తంగమ్మ గబగబా, "నా చెయ్యి ఇట్ల ఉండాది కదా వదినా, నా కోసరమే" అంది.

రాజాంబాళ్ కట్టు వైపు చూసింది. తమ్ముడి మూతికి కట్టిన తువ్వాలు చూసింది. మొదట పెదవులు బిగించింది, తర్వాత ఆపుకోలేక ఫక్కుమంది. "అమ్మ చూసుంటే ఏమనుండునో! సరి, నాకు ఉత్త దోసె పొయ్యి. ఆ పెనం మింద మాత్రం వద్దు."

పక్క టీకొట్టు నుంచి వేరే పెనం తెచ్చారు. ఆమె రెండు దోసెలు తిని, కారం తక్కువైందని తంగమ్మకు చెప్పి, చీకటి పడకముందే బస్సెక్కింది.

ఆరు వారాలకు కట్టు విప్పారు. మణికట్టు బిగుసుకుపోయింది. ఎవాంజలిన్ చెప్పినట్టు రబ్బరు బంతి నొక్కీ నొక్కీ, దోసె తిప్పేంత బలం తెచ్చుకుంది తంగమ్మ. కానీ ఒక్కసారిగా కొట్టి విప్పే ఆ విదిలింపు మాత్రం కుడిచేతికి తిరిగి రాలేదు. రెండు గుడ్లు పాడుచేసుకున్నాక, పైట కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

జయరాములు చేతులు కడుక్కున్నాడు. చెక్కపలక తెచ్చి ఆమె ఎడమ పక్కన వేసుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు రోజూ మూడున్నరకే మగ్గం దిగుతాడు. పెనం ఆమెది, గుడ్లు అతనివి. అతను ఇప్పటికీ గుడ్డు తినడు. మూతికి తువ్వాలు మాత్రం మానేశాడు.

"బిరిన కానీ మామా, నలుగురు నిలబడి ఉండారు."

"నిలబడనీ తంగం. యాడికి పోతారు?"