వడగట్టిన పాయసం

మొన్న వనపర్తి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. పెళ్లయ్యాక తన ఇంట్లో తాను చేసుకోబోయే మొదటి ఉగాది. ఆఫీసులో నలుగురిని భోజనానికి పిలిచేసి, పిలిచాక భయం పట్టుకుని, నన్ను తలుచుకుంది. "అమ్మా, బచ్చాలు నాతోని కావు. పిండి పిసుకుడు, పప్పు రుబ్బుడు, పాకం పట్టుడు ఏదీ లేకుండ జర అల్కగ అయ్యే తీపి చెప్పు" అంది. అవేవీ లేకుండా ఉగాది చేయాలంటే మిఠాయి దుకాణానికి పోవడమే తల్లీ అని నాలుక చివరిదాకా వచ్చింది కానీ మింగేశాను. అలాంటి తేలిక వంటలతోనే ఒక పండుగ గట్టెక్కించిన దాన్ని నేను, దానికి నీతులు చెప్పడమెందుకు? రవ్వ లడ్డు చెప్పాను, రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపే మలీద చెప్పాను, నూకల పాయసం చెప్పాను. "పాయసం మాత్రం వడగట్టకు" అని కూడా చెప్పాను. "పాయసం ఎవరన్న వడగడ్తరా?" అని అది పకపకా నవ్వింది. ఎవరు వడగట్టారో దానికి గుర్తులేదు. అప్పుడు దానికి తలంటు పోస్తే ఊరు వినేలా ఏడ్చే వయసు.

ఇప్పుడంటే మా ఆయన ఉద్యోగం వల్ల నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాం గానీ, అప్పట్లో గద్వాలలో అత్తగారింట్లోనే ఉండేవాళ్లం. నేను తెలకపల్లి దిక్కు వ్యవసాయదారుల ఇంటి పిల్లను. మగ్గం ఉన్న ఇంట్లో కాపురమంటే ఏమిటో అక్కడికి వెళ్లాకే తెలిసింది. ముందు గదిలో గుంట, గుంటలో కాళ్లు పెట్టుకుని మా మామ, ఆయన నేసే చీర. ఆ మగ్గం చప్పుడు ఆగితేనే ఇంట్లో ఎవరికైనా మెలకువ వచ్చేది. పడుగు నూలుకు, అంటే చీర నిలువు దారాలకు, గంజి పెట్టే రోజైతే ఇంకా చీకటి ఉండగానే వీధి పొడుగునా దారాలు చాచి, అటొకరు ఇటొకరు నిలబడి కుంచెలతో దువ్వేవారు. ఆ గంజి కాయడం మామ పని. ఇంకొకరిని పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. బియ్యం మెత్తగా ఉడికించి, గుడ్డలో పోసి, గట్టిగా పిండి, పిప్పి పారేసి, ఆ చిక్కటి తెల్లటి నీళ్లను వేళ్ల మధ్య జార్చి చూసుకుని మురిసిపోయేవాడు. ఒక్క చిన్న ఉండ ఉన్నా దారం మీద మొటిమలా నిలబడుతుందట. పెళ్లయిన కొత్తలో ఆ గిన్నె చూసి జావ అనుకుని ఉప్పు వేసుకుని తాగబోయాను. ఆ సంగతి ఆ వీధి వీధంతా చాలా కాలం చెప్పుకుంది.

అత్తమ్మ పనులు రెండు. ఏడాది పొడుగునా మగ్గానికి దారం కండెలు చుట్టడం, ఉగాదికి భక్షాలు చేయడం. బొబ్బట్లను భక్షాలని, బచ్చాలని మేమంటాం గానీ, రాయచూరు చుట్టరికాలున్న పక్కింటివాళ్లు ఓళిగలనేవారు, అయినా తినేటప్పుడు మాట్లాడకుండా తినేవారు. శనగపప్పు, బెల్లం, యాలకులు కలిసి ఉడికే వాసన వీధి మలుపు దాకా వెళ్లేది. అత్తమ్మ పిండి ముద్దలో పూర్ణం పెట్టి, నూనె రాసిన ఆకు మీద కుడిచేత్తో ఒత్తుతుంటే అది గుండ్రంగా, పల్చగా, ఎక్కడా చిరగకుండా పరుచుకునేది. నేను ఒత్తితే పూర్ణం బయటికి వచ్చి పెనానికి అంటుకుని మాడేది. "నీది పెనానికి పెట్టిన నైవేద్యమే" అని ఎగతాళి చేసేది. ఎగతాళి చేసినా నా మాడినవి తానే తినేది, అది మాత్రం చెప్పాలి.

అమ్మాయి చిన్నపిల్లగా ఉన్న ఒక చలికాలం అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కర్నూలు దవాఖానకు తీసుకెళ్లాం. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు త్వరగానే దారికొచ్చింది, మాట కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒడిలో పెట్టిన వస్తువులా ఉండిపోయింది. "పని చేస్తేనే చెయ్యి వస్తుంది, ఈ కొన్ని నెలలు పోగొట్టుకుంటే మళ్లీ కష్టం" అని డాక్టరమ్మ నాతో గట్టిగా చెప్పింది. పిసకడానికి ఒక రబ్బరు బంతి కూడా ఇచ్చింది. అత్తమ్మ ఆ బంతిని మనవరాలికి ఆడుకోమని ఇచ్చేసింది. నడుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. వంటింటికి అక్కణ్ణుంచి నాలుగడుగులు కూడా ఉండవు, ఒక్కసారీ రాలేదు. కాలు రాక కాదు. తాను ఏలిన వంటింటిని ఆ చేత్తో చూడలేక. మామకు ఓదార్చడం చేతకాదు. మగ్గం దిగినప్పుడల్లా గుమ్మంలో నిలబడి "చాయ్ తాగుతవా?" అని అడిగేవాడు. పాపం, ఆమె వద్దంటే ఇంకేం మాట్లాడాలో తెలియక మళ్లీ మగ్గం ఎక్కేవాడు. రోజులు గడిచిపోతున్నాయి, ఆ చెయ్యి కదలడం లేదు. నాకు రాత్రుళ్లు ఆ డాక్టరమ్మ మాటే వినిపించేది.

పండుగ దగ్గరికొచ్చింది. "ఈ ఏడు ఏం చేయకున్రి. పచ్చడి కలుపుకోని తాగున్రి, సాలు" అంది అత్తమ్మ గోడతో. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నోరు తీపి కాకుండా ఉగాది పోతే, ఈమె ఇక ఆ మంచానికే ఖాయమైపోతుందని ఎందుకో గట్టిగా అనిపించింది. భక్షాలు నావల్ల కావు, ఆ సంగతి పెనానికి కూడా తెలుసు. అందుకని చేతనైన తేలిక తీపి వంటలే చేద్దామనుకున్నాను. ముందురోజే రవ్వ వేయించి, కొబ్బరి, చక్కెర కలిపి, గోరువెచ్చటి పాలు చల్లి లడ్లు కట్టాను. తెల్లారి గోధుమ రొట్టెలు కాల్చి మలీద కోసం మూతపెట్టాను. కొత్త కుండలో, మా వైపు తాగే పల్చటి ఉగాది పచ్చడి కలిపాను. వేపపూత, మామిడి వాసనతో ఇల్లు కాస్త పండుగలా అయింది. పొయ్యి మీద నూకలు, పాలు పెట్టి నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్మిస్ వేశాను. బెల్లం దించాక వేయాలి కదా, పక్కన తురిమి పెట్టాను.

ఇంతలో అమ్మాయికి తలంటు పోయాలి. అది పెరట్లో పరుగు మొదలుపెట్టింది. "నువ్వు పోయి పిల్ల సంగతి సూడు, ఇది నేను కలుపుత. గంజి కాసిన చెయ్యి, ఉండ కట్టనిస్తనా?" అన్నాడు మామ. పండుగ రోజు మగ్గం ఎక్కరు కాబట్టి ఆయనకు ఏం తోచడం లేదు. సంతోషంగా గరిటె ఇచ్చి వెళ్లాను. పిల్లను పట్టుకుని, కుంకుడు రసం దాని కళ్లలోకీ నా కళ్లలోకీ పోకుండా కాచుకుని, తుడిచి, గౌను తొడిగి వచ్చేసరికి మామ గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"సూడు బిడ్డా, ఒక్క ఉండ లేదు."

గిన్నెలో చిక్కటి పాలు, అంతే. పక్కన వడగట్టి ఆరేసిన తెల్లగుడ్డ. ఉతికిన గుడ్డే, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

"మామా, నూకలేవి?"

"పిప్పా? పక్కింటోళ్ల బర్రె కుడితిల ఏస్తి" అన్నాడు.

జీడిపప్పుతో సహా. ఎప్పుడూ గంజికి చేసిన పనే ఆయన చెయ్యి చేసుకుపోయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో నడుగదిలో మంచం కిర్రుమంది.

"ఏందీ? పాయసం వడగడ్తివా?"

గోడ పట్టుకుని, కొంగు సరిగా లేకుండా, అత్తమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మేమిద్దరం నోరు తెరిచి చూస్తున్నాం. ఆమెకు ఆ ధ్యాసే లేదు. గిన్నెలోకి తొంగిచూసి మొగుడి మొహం చూసింది.

"దీన్ని ఏం జేస్తవిప్పుడు? పడుగుకు రాస్తవా? చీరెకు చీమలు పట్టనీకా?"

"నాకేం తెల్సు? ఎప్పుడు గట్లనే చేస్తి గద" అన్నాడు మామ. అంత పొడుగు మనిషి గిన్నె వెనకాల దాక్కోవడానికి చూశాడు.

"జర పక్కకు జరుగు" అని ఆమె పీట మీద కూర్చుంది. ఆ పాలు మళ్లీ పొయ్యి మీద పెట్టమంది. సగం రొట్టెలు తుంచి అందులో వేసి, మెత్తబడ్డాక దించి బెల్లం కలపమంది. మిగతా రొట్టెలు మలీదకు. నేను తొందరలో వాటిని మిక్సీ గిన్నెలో వేయబోయాను. "మిక్సీల ఏస్తే పిండైతది. ఇటియ్యి" అని పళ్లెం ఒళ్లోకి లాక్కుంది. ఎడమచేత్తో నలపడం మొదలుపెట్టింది. రొట్టె జారిపోతోంది. విసుక్కుంది. కుడిచెయ్యి తెచ్చి రొట్టె మీద పెట్టి అదిమిపట్టింది. ఎవరూ చెప్పలేదు, తనకు తానే. కాసేపటికి ఆ వేళ్లు మెల్లగా, మొండిగా ముడుచుకోవడం చూశాను. బెల్లం, నెయ్యి కలిసిన ఆ వెచ్చటి పొడిని రెండు చేతులతో పిసికి ముద్ద కట్టింది. మొదటిది విడిపోయింది. రెండోది కూడా. మూడోది వంకరగా, ఒక పక్కకు ఒరిగి నిలబడింది. దాన్ని మామ చేతిలో పెట్టి "ఇది కూడ వడగడ్తవా?" అంది. ఆయన తినలేకపోయాడు. అలా పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఉల్లిగడ్డలు కోస్తున్నట్టు తల తిప్పుకున్నాను గానీ, అక్కడ ఒక్క ఉల్లిగడ్డ లేదు.

ఆ పూట అందరం కింద చాప మీద కూర్చుని తిన్నాం. పాలల్లో నానిన ఆ రొట్టె తీపికి పేరు లేదు గానీ, మా ఆయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. రవ్వ లడ్లు కొంచెం గట్టిపడ్డాయి, పిల్ల ఒకదాన్ని గోడకు కొట్టి చూసింది. అత్తమ్మ మలీద ముద్దల్లో ఏ రెండూ ఒకలా లేవు.

ఒక్క రోజులో చెయ్యి వచ్చేయలేదు, అలా రావు. తర్వాత ఎన్నాళ్లో రొట్టెలు నలుపుతూ, పప్పులు ఏరుతూ, విసుక్కుంటూ, మమ్మల్ని తిడుతూ ఆ వేళ్లను తెచ్చుకుంది. కండె పూర్తిగా ఎప్పటిలా చుట్టలేకపోయింది. మరుసటి ఉగాదికి భక్షాలు ఒత్తింది, గుండ్రంగా మాత్రం రాలేదు. "నీ చెయ్యి నాకొచ్చినట్టుంది" అని నన్నే అంది. ఇప్పుడు గద్వాలలో మా మరిది దగ్గర ఉంటోంది, ఇప్పటికీ అదే నోరు, అదే ఎగతాళి.

నాకు మాత్రం ఆ వడగట్టిన పాయసం రోజు మధ్యాహ్నమే ఎక్కువ గుర్తు. ఎండలో పెరట్లో నేను గిన్నెలు తోముతుంటే, ఆమె వచ్చి గడప మీద కూర్చుంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె నోట రేపు అన్న మాటే వినలేదు. మామ ఏదైనా అడిగినా "రేపటి ముచ్చట నాకెందుకు" అనేది. ఆ రోజు పాయసం గిన్నె వంక చూస్తూ, "వచ్చే ఏడు గిట్ల నడ్వదు. పప్పు నువ్వు రుబ్బు, బచ్చాలు నేను ఒత్తుత" అంది. నేను సరే అత్తమ్మా అని తల దించుకుని తోముతూనే ఉన్నాను. పంచాంగం లెక్కన కొత్త ఏడాది ఆ రోజు తెల్లారకముందే వచ్చేసింది. మా ఇంటికి మాత్రం మధ్యాహ్నం, నేను గిన్నెలు తోముతుండగా వచ్చింది.